‘మెల్లిగా, టీచర్’ అన్నాడు ఆ బాబు

గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరి నుంచి ఒక టీచర్ ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. ఆమె వయసు 34. తొమ్మిదేళ్ళుగా ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీకి చెబుతున్నారు. తరగతిలో 38 మంది పిల్లలు, ఒక ఆయా. జీతం 12 వేలు. భర్త ఎరువుల కొట్లో గుమస్తా. ఇంట్లో ఆరో తరగతి చదివే పాప, మంచం పట్టిన అత్తగారు ఉన్నారు.

ఆగస్టులో ఒక బుధవారం జరిగిన సంగతి ఆమె రాశారు. పొద్దున గేటు దగ్గర ఒక బాబు తల్లి ఆపి, నలుగురూ వింటుండగా అడిగింది: “పక్క సెక్షన్ వాళ్ళు వంద దాకా రాసేస్తున్నారంట. మా వాడికి ఇంకా ఐదు కూడా రావట్లేదు. ఫీజు మాత్రం ఇద్దరికీ ఒకటే కదా టీచర్?” ఆమె ఏమీ అనలేక లోపలికి వెళ్ళిపోయారు. రెండో పీరియడ్‌లో సూపర్‌వైజర్ వచ్చి నోటుబుక్కులు తిరగేసి, ఏమీ అనకుండా పెట్టేసి వెళ్ళింది. మూడో పీరియడ్‌లో ఆ బాబు పెన్సిల్ కింద పెట్టేసి, దాని రంగు గోటితో గీకుతూ కూర్చున్నాడు. టీచర్ వాడి గుప్పిట తన గుప్పిట్లో పట్టుకుని ‘5’ దిద్దించడం మొదలుపెట్టారు. ఒక వరుస, రెండు వరుసలు, మూడు. నాలుగో వరుసలో వాడు తలెత్తి “మెల్లిగా, టీచర్” అన్నాడు. ఏడవలేదు. ఆమె చెయ్యి వదిలేశారు. వాడి మణికట్టు మీద నాలుగు వేళ్ళ గుర్తులు ముందు తెల్లగా ఉండి, తర్వాత ఎర్రబడ్డాయట. “అవి ఎర్రబడేదాకా చూస్తూ నిలబడిపోయాను. ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు” అని రాశారు.

సెప్టెంబరులో స్కూలు వాళ్ళు టీచర్లందరికీ ఒక శనివారం మూడు గంటల పాటు ‘మైండ్‌ఫుల్‌నెస్’ శిక్షణ పెట్టించారు. సోమవారం నుంచి రోజూ పొద్దున గంట కొట్టి, పిల్లలంతా ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని ఊపిరి గమనించాలని నియమం వచ్చింది. పిల్లలు వేళ్ళ సందుల్లోంచి చూస్తారు, నవ్వుతారు, పక్కవాణ్ణి గిల్లుతారు. “కళ్ళు మూసుకోండి అని నేనే అరుస్తున్నాను. ప్రశాంతంగా ఉండండ్రా అని స్కేలుతో బల్ల మీద కొడుతున్నాను. నా మీద నాకే అసహ్యం వేస్తోంది” అన్నారు.

ఆమె ప్రశ్నలు ఇవి. నేను ఈ పనికి పనికిరానా? ఆ తల్లికి జరిగింది చెప్పాలా? అరవకుండా పిల్లల్ని దారికి తెచ్చుకోవడం ఎలా? తల్లిదండ్రులకి, కరస్పాండెంట్ గారికి నచ్చజెప్పడం నాకు చేతకాదు, నాకు నోరు లేదు, అది నేర్చుకుంటే వస్తుందా? చివర్లో ఒక మాట రాశారు: “రాజీనామా కాగితం రాసి, తేదీ వెయ్యకుండా బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నాను.”

*

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఆ బుధవారం సంగతే మాట్లాడుకుందాం. మీరడిగిన మిగతావన్నీ దాంట్లోంచే వస్తున్నాయి.

మీరు చేసింది తప్పు. మీకు ఆ సంగతి తెలుసు కాబట్టే రాత్రి అన్నం దిగలేదు. “అంతమంది పిల్లల మధ్య ఎవరికైనా జరుగుతుంది, వదిలెయ్యండి” అని నేనంటే మీకు కాసేపు హాయిగా ఉంటుందేమో గానీ, ఆ పిల్లాడి చెయ్యి గురించి మనిద్దరం అబద్ధమాడినట్టవుతుంది. పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొప్పించకూడదు అని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెప్తుంది. ఆ చట్టం మాట్లాడేది ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల గురించి. నాలుగేళ్ళవాడి విషయంలో మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలో వేరే చెప్పక్కర్లేదు.

అయితే అదే సంఘటనలో మీరు చూడని సంగతి ఒకటుంది. చెయ్యి నొప్పెడుతున్న నాలుగేళ్ళ పిల్లాడు ఏడవలేదు, చెయ్యి లాక్కోలేదు. మీ మొహంలోకి చూసి, తనకేం కావాలో మాటల్లో అడిగాడు. టీచరంటే హడలిపోయే పిల్లలు అలా అడగరు. బిగుసుకుపోతారు, లేదంటే చెడ్డీ తడుపుకుంటారు. జూన్ నుంచి ఆగస్టు దాకా మీ తరగతిలో కూర్చుని, చెప్తే ఈ టీచర్ వింటుంది అని వాడు నమ్మాడు. మీరు విన్నారు కూడా. పనికిరానా అని అడిగారు కదా, నా జవాబు అక్కడుంది. ఆ నమ్మకం మీరే పెంచారు. ఆ రోజు దానికి కొంచెం బీట పడింది. ఇంకా పూడ్చుకోగలిగినంతే.

ఇంకో సంగతి కూడా చూడండి. ఆ గదిలో ఆ పూట నచ్చజెప్పిన మనిషి వాడే. ఎదుటి మనిషిని చూశాడు, గొంతు పెంచలేదు, చిన్న మాటతో తనకి కావలసింది అడిగాడు. నచ్చజెప్పడానికి పెద్ద నోరు అక్కర్లేదని మీకు చూపించింది మీ పిల్లాడే. నాకు నోరు లేదు అని మళ్ళీ అనిపించినప్పుడు ఆ మాట గుర్తు చేసుకోండి.

ఇక ఆ కోపం ఎక్కడిది? అత్త మీద కోపం దుత్త మీద తీర్చినట్టు అంటాం కదా, అచ్చంగా అదే జరిగింది. గేటు దగ్గర ఆ తల్లి అన్న మాటకి మీరు జవాబు చెప్పలేదు. ఆ జవాబు మీ గొంతులోనే ఉండిపోయింది. సూపర్‌వైజర్ మౌనం దాని మీద ఇంకో బరువు పెట్టింది. మూడో పీరియడ్‌కి అదంతా మీ చేతివేళ్ళలోకి దిగింది. ఈ మూడు గంటల్లో ఎక్కడో ఒకచోట మీరు దాన్ని పట్టుకుని ఉంటే, ఆ చెయ్యి అంత బిగిసేది కాదు. అలా పట్టుకోవడాన్నే ఆ శిక్షణలో మైండ్‌ఫుల్‌నెస్ అన్నారు. మన భాషలో దానికి చక్కటి పాత మాట ఉంది, ‘ఎరుక’. బౌద్ధులు పాళీలో ‘సతి’ అన్నదీ, సంస్కృతంలో ‘స్మృతి’ అన్నదీ దాని గురించే. ఇప్పుడు ఏం జరుగుతోందో, నాలో ఏం కదులుతోందో మరిచిపోకుండా ఉండడం. కళ్ళు మూసుకోవడం దాంట్లో ఒక చిన్న సాధన మాత్రమే.

మూడు గంటల శిక్షణతో ఇది రాలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఈ పద్ధతిని ఆసుపత్రిలోకి తెచ్చిన జాన్ కబాట్‌-జిన్ 1979లో మసాచుసెట్స్‌లో మొదలుపెట్టింది వారాల తరబడి సాగే కోర్సు. అది కూడా పెద్దవాళ్ళకి, ఏళ్ళ తరబడి నొప్పులతో బాధపడే రోగులకి. న్యూయార్క్ నగరంలో 36 బడుల్లో 224 మంది టీచర్లతో చేసిన ఒక పరిశీలన 2017లో అచ్చయింది. అక్కడ ఎరుక నేర్పింది టీచర్లకే. పిల్లల్ని కూర్చోబెట్టి కళ్ళు మూయించలేదు. టీచర్ల ఒత్తిడి తగ్గింది, తరగతిలో పిల్లలతో వాళ్ళ మాటతీరు మెత్తబడింది. అదే బ్రిటన్‌లో ఎనిమిది వేల పైచిలుకు హైస్కూలు వయసు పిల్లలకి బళ్ళలో నేరుగా ఈ సాధన నేర్పించి చూస్తే, మామూలు పాఠాల కన్నా ప్రత్యేకంగా మేలేమీ కనబడలేదని 2022లో చెప్పారు. వాళ్ళు మీ పిల్లల కన్నా చాలా పెద్దవాళ్ళు, నిజమే. అయినా దీన్నిబట్టి నాకు అర్థమైంది ఒకటే. ముందు నేర్చుకోవలసింది మనం. తరగతిలో నెమ్మదిగా ఉన్న ఒక పెద్ద మనిషి కనబడితే పిల్లలకి సగం పని అయిపోయినట్టే.

నా సంగతి చెప్తాను. నేను పద్దెనిమిదేళ్ళు చిన్నపిల్లల తరగతులు చెప్పాను. మొదట్లో నాకూ విపరీతమైన కోపం. ఒకరోజు మా ఆయా, నా కన్నా ఇరవై ఏళ్ళు పెద్దావిడ, గిన్నెలు సర్దుతూ అంది: “మేడమ్, మీరు కొంగు బొడ్లో దోపారంటే పిల్లలు గోడకి అంటుకుపోతారు.” నాకు తల తిరిగిపోయింది. కొంగు దోపుకుంటున్నానని నాకే తెలియదు. నా కోపం నాకన్నా ముందు నా చేతికి తెలుసు, పిల్లలకి తెలుసు, ఆయాకి తెలుసు. ఆ రోజు నుంచి చెయ్యి కొంగు దగ్గరికి వెళ్ళగానే ఆగడం నేర్చుకున్నాను. ఆగి కిటికీ దాకా నడిచి వెనక్కి వచ్చేదాన్ని. అంతే. ఒక ఏడాది పట్టింది అలవాటవడానికి.

మీకూ అలాంటి గుర్తు ఒకటి ఉంటుంది. పళ్ళు బిగుసుకుంటాయా? గొంతు సన్నబడుతుందా? పిల్లల పేర్లు పూర్తిగా పలకడం మొదలుపెడతారా? మీకు తెలియకపోతే మీ ఆయాని అడగండి. “నాకు కోపం వచ్చే ముందు నేనెలా ఉంటాను?” అని. ఆవిడ ఠక్కున చెప్తుంది. ఆ గుర్తు కనబడగానే చెయ్యాల్సింది చాలా చిన్న పని. పాదాలు నేలకి ఆనుతున్నాయో లేదో చూసుకోండి, ఒక ఊపిరి నిదానంగా వదలండి, చేతిలో ఏమున్నా కింద పెట్టండి. స్కేలైనా, పిల్లాడి చెయ్యైనా. గేటు దగ్గర ఎవరైనా మాటన్న రోజు మాత్రం తరగతి గుమ్మంలో ఒక్క క్షణం ఎక్కువ ఆగండి. “ఆవిడ అన్నమాట నాకు గుచ్చుకుంది” అని మనసులో మాటగా అనుకుని అప్పుడు లోపలికి వెళ్ళండి. కోపానికి పేరు పెడితే అది కొంత దిగుతుంది.

పొద్దుటి గంట విషయంలో మీకు మూడు దారులున్నాయి. ఇప్పటిలాగే నడపొచ్చు. అప్పుడు స్కేలు దెబ్బలు తప్పవు, పిల్లలకి ప్రశాంతత అంటే టీచర్ అరిచే ఐదు నిమిషాలు అని అలవాటైపోతుంది. లేదంటే నేను చెయ్యను అని ఎదురు చెప్పొచ్చు. నిజాయితీ ఉన్న దారే గానీ, మీరు పోట్లాడవలసిన అసలు విషయం ఇది కాదు. ఉన్న కొద్ది బలం ఇక్కడ ఖర్చు పెట్టుకుంటే రేపు రాతపని గురించి మాట్లాడడానికి మిగలదు. మూడోది, ఆ ఐదు నిమిషాలు అట్టే పెట్టి లోపలి పని మార్చడం. గంట కొట్టి, దాని మోత పూర్తిగా ఆగిపోయినప్పుడు చెయ్యెత్తమనండి. 38 మందీ చెవులు రిక్కిస్తారు, ఎవరూ కళ్ళు మూసుకోనక్కర్లేదు. మర్నాడు కాళ్ళాగజ్జా ఆడించండి. కాళ్ళు చాపుకుని, పాట సాగుతూ వేలు ఎవరి కాలి మీద ఆగుతుందా అని చూస్తున్న పిల్లల్ని ఎప్పుడైనా గమనించారా? ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. వీరి వీరి గుమ్మడిపండులో కళ్ళు మూసిన పిల్ల ఎంత శ్రద్ధగా అడుగుల చప్పుడు వింటుంది! నాలుగేళ్ళ వయసుకి ఎరుక అంటే ఆ వినడమే. సూపర్‌వైజర్ వచ్చి చూసినా తరగతి నిశ్శబ్దంగానే ఉంటుంది కాబట్టి ఆవిడకీ అభ్యంతరం ఉండదు.

ఇప్పుడు పిల్లల్ని దారికి తెచ్చుకోవడం. మనకి దీనికి నాలుగు మాటలున్నాయి: బెదిరించడం, ఆశపెట్టడం, బుజ్జగించడం, నచ్చజెప్పడం. బూచాడికిస్తా, సూది వేయిస్తా, పోలీసుకి చెప్తా అన్నవి వెంటనే పనిచేస్తాయి, అందుకే అంత వ్యాపించాయి. వాటితో వచ్చిన చిక్కేమిటంటే బూచాడు రాడని తెలిసిన రోజున టీచర్ మాట మీద కూడా నమ్మకం పోతుంది. చాక్లెట్, స్టార్ మార్కు కొన్నాళ్ళు నడుస్తాయి, తర్వాత “ఏమిస్తావు?” అని అడిగే పిల్లలు తయారవుతారు. బుజ్జగింపు వేరు. ఏడుస్తున్న పిల్లకి అదే మందు, దాంట్లో తప్పేమీ లేదు. నచ్చజెప్పడం వీటన్నిటికన్నా నిదానమైన పని. పిల్లకి నచ్చేలా చెప్పాలంటే ముందు ఆ పిల్లకి ఈ క్షణంలో ఏం నచ్చుతోందో మనం చూడాలి. మీ బాబు పెన్సిల్ రంగు గోటితో గీకుతున్నాడని రాశారు. ఎంత సన్నగా, ఎంత ఓపిగ్గా గీకి ఉంటాడో ఆలోచించండి. వాడి వేళ్ళు పని అడుగుతున్నాయి, ‘5’ మాత్రం వాటికి ఇంకా అందలేదు.

మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. ఏళ్ళ మీద ఒక్కొక్కటీ గట్టిపడుతుంది. నాలుగేళ్ళ పిల్లల చేతికి ఎక్స్‌రే తీస్తే సుమారు సగమే కనబడతాయి. వేళ్ళ కండరాలూ ఇంకా బలపడుతున్న వయసు. అందుకే ఒకరికి పెన్సిల్ తొందరగా నిలుస్తుంది, ఇంకొకరికి ఇంకో ఏడాది పడుతుంది. ఆ ఏడాది వాళ్ళకి కావలసింది చపాతీ పిండి పిసకడం, చిక్కుడుకాయలు వొలవడం, బట్టల క్లిప్పులు నొక్కడం, పూసలు గుచ్చడం. మీ బాబుకి చిన్న పళ్ళెంలో బియ్యం పోసి వేలితో ఐదు రాయమనండి. రాసి చెరిపెయ్యొచ్చు, తప్పైనా మిగలదు. “బియ్యంలో రాస్తావా, పలక మీద సుద్దతో రాస్తావా?” అని రెండిట్లో ఒకటి వాణ్ణే ఎంచుకోనివ్వండి. రాయడం ఎలాగూ ఉంది, ఎక్కడన్నది వాడిష్టం. ఈ చిన్న పెత్తనం పిల్లలకి చాలా పెద్దది.

మిగతా కిటుకులు మీకు తెలిసినవే, కోపంలో మర్చిపోయేవి. వాళ్ళ కళ్ళ ఎత్తుకి వంగి మాట్లాడడం. “పరిగెత్తొద్దు” అనే బదులు “నడుద్దాం” అనడం. ఆట ఆపే ముందు “ఇంకొక్కసారి ఆడి ఆపేద్దాం” అని చెప్పి ఉంచడం. ఒక మాట చెప్పాక పది లెక్కపెట్టుకుని ఆగడం. ఈ చివరిది అన్నిటికన్నా కష్టం. చిన్నపిల్లల చెవిలో పడ్డ మాట కాళ్ళ దాకా చేరడానికి టైం పడుతుంది. మనం ఆ లోపే మూడుసార్లు అరుస్తాం.

ఆ బాబుకి మాత్రం క్షమాపణ చెప్పండి. నెలలు గడిచాయి, మర్చిపోయుంటాడు అనుకోకండి. నలుగురిలో అక్కర్లేదు. పక్కన కూర్చుని, “ఆ రోజు నీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నొప్పెట్టింది కదా. నువ్వు మెల్లిగా అన్నావు. మంచి మాట చెప్పావు. ఇంకెప్పుడూ అలా పట్టుకోను” అనండి. అంతకన్నా పొడుగ్గా వద్దు. మీరు ఏడవకండి, ఏడిస్తే వాడు మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది.

ఆ తల్లికి చెప్పాలా అన్నది మీ ఉత్తరంలో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. చెప్తే ఆవిడ గొడవ చెయ్యొచ్చు. కరస్పాండెంట్ దాకా వెళ్ళొచ్చు. ఉద్యోగం పోవచ్చు కూడా. జరగదని నేను మాటివ్వలేను. చెప్పకపోతే, బాబు ఏదో ఒకరోజు ఇంట్లో చెప్పవచ్చు, అప్పుడు మీరు దాచిన మనిషవుతారు. ఒకవేళ ఎన్నడూ బయటపడకపోయినా, మీరు ఆవిడ కళ్ళలోకి చూసి మాట్లాడలేరు. వాడి రాత గురించి మీరు ఆవిడకి నచ్చజెప్పాలనుకుంటున్నారు. దాచిపెట్టుకున్న మాట గొంతులో ఉండగా ఆ పని సాగదు. నేనైతే చెప్తాను. ముందు రోజు సాయంత్రం ప్రిన్సిపాల్‌కి చెప్పి, మర్నాడు తల్లిని పిలిచి చెప్తాను. మీ ఇంటి పరిస్థితిలో జీతం ఒక్క నెల కూడా ఆగే వీల్లేకపోతే, ముందు పక్క బడిలో ఖాళీలున్నాయేమో కనుక్కుని ఆ తర్వాత చెప్పండి, దాన్ని పిరికితనం అనను. కానీ ఈ విద్యా సంవత్సరం దాటనివ్వకండి.

చెప్పేటప్పుడు రెండు విషయాలు కలపకండి. “మీరు గేటు దగ్గర అలా అన్నారు కాబట్టి నేను అలా చేశాను” అన్న మాట రానే కూడదు. అది నిజమే అయినా, వినడానికి తప్పు ఆవిడ మీదకి తోసినట్టుంటుంది. క్షమాపణ ఒక రోజు. రాత సంగతి వారం తర్వాత, ఇంకో రోజు.

ఆ రెండో రోజు ఎలా మాట్లాడాలి? అశోకవనంలో హనుమంతుడు సీతమ్మతో మాట్లాడే ముందు ఎంత ఆలోచిస్తాడో గుర్తుందా? సంస్కృతంలో పండితుడిలా పలికితే రావణుడే వేషం మార్చి వచ్చాడని భయపడుతుందేమో అనుకుంటాడు. అందుకే మామూలు మనుషుల మాటల్లో, చెట్టు మీద నుంచే, ఆమెకి ఇష్టమైన రాముడి కథతో మొదలుపెడతాడు. ఉంగరం తర్వాత. మనం తల్లిదండ్రుల దగ్గర ఉంగరంతో మొదలుపెడతాం. “జాతీయ విద్యావిధానం ఇలా చెప్పింది, పరిశోధనలు ఇలా చెప్పాయి” అంటాం. ఆవిడకి వినబడేది ‘మీకు తెలియదు’ అన్న మాటే.

ఆవిడ భయం ఏమిటో ముందు చూడండి. ఫీజు గురించి అడిగింది అంటే ఆ డబ్బు ఎక్కడో కష్టపడి తెస్తున్నారు. కొడుకు వెనకబడతాడని భయం, పక్కింటావిడ ముందు చిన్నతనం. ఆ భయం తప్పు కాదు. అందుకని ఆవిడకి ఇష్టమైన కథతో, అంటే వాడి గురించి మీరు చూసిన ఒక మంచి సంగతితో మొదలుపెట్టండి. “మీ వాడు నిన్న పదకొండు చింతపిక్కలు లెక్కపెట్టి, పక్క పిల్లకి సగం ఇవ్వబోయి ఒకటి మిగిలిందని నా దగ్గరికి తెచ్చాడండీ” లాంటిది. వంద దాకా రాసినా, ఒకటి మిగిలిందని పట్టుకోవడం అందరికీ రాదు. ఆ తర్వాత అడగండి: “వాడికి అక్షరాభ్యాసం ఎక్కడ చేశారు? పళ్ళెంలో బియ్యం పోసి వేలితోనే కదా దిద్దించారు?” ఆవిడ మొహం మారుతుంది. మన పెద్దవాళ్ళు మొదటి అక్షరం పెన్సిల్‌తో రాయించలేదు. బియ్యంలోనో ఇసకలోనో వేలితో రాయించారు. మీరు చెప్పదలుచుకున్నది ఆవిడ ఇంట్లో ఉన్నదే. ఎముకల సంగతి అప్పుడు చెప్తే వింటుంది. ఆఖర్న, ఇంట్లో చెయ్యడానికి ఒక పని ఇవ్వండి: రోజూ రాత్రి చపాతీ పిండిలోంచి వాడికో ముద్ద. చేతిలో పనుంటే ఎదురుచూడడం తేలికవుతుంది.

గేటు దగ్గర ఎవరితోనూ వాదించకండి. నలుగురిలో ఎవరూ మనసు మార్చుకోరు. “మీరడిగింది ముఖ్యమైన మాటండీ, సాయంత్రం పది నిమిషాలు కూర్చుందాం” అని చెయ్యి జోడించి లోపలికి వచ్చెయ్యండి. ఆ రోజు మీరు ఆ ఒక్క మాట అని ఉంటే గొంతులో ఏమీ మిగిలేది కాదు.

గుజరాత్‌లో గిజుభాయి బధేకా అనే ఆయన ఉండేవారు. వకీలు పని వదిలి 1920లో భావనగర్‌లో చిన్నపిల్లల బడి పెట్టారు. పిల్లలు ఆయన్ని మీసాల అమ్మ అని పిలుచుకున్నారట. అంత వాదన తెలిసిన మనిషి జీవితంలో చాలా భాగం తల్లిదండ్రులకి నచ్చజెప్పడానికి, వాళ్ళ కోసం రాయడానికే వెచ్చించారు. ఒక్క మీటింగుతో అయ్యే పని కాదని ఆయనకే తెలుసు. మీకు నాలుగు వారాల్లో కాకపోతే నిరాశపడకండి.

కరస్పాండెంట్ గారి భయం ఇంకొకటి: అడ్మిషన్లు. పక్క వీధిలో బడి వాళ్ళు మా దగ్గర వంద దాకా నేర్పిస్తాం అని బోర్డు పెడితే ఈయనకి నిద్ర పట్టదు. ఆయనతో రాత మానేద్దాం అనకండి. “నా సెక్షన్‌లో ఒక్క నెల, రోజుకి ఒక పీరియడ్ రాత బదులు చేతిపని చేయిస్తాను. నెలాఖరుకి తల్లిదండ్రుల్ని పిలిచి చూపిద్దాం. బాగా లేకపోతే మానేద్దాం” అనండి. చిన్నది, వెనక్కి తీసుకోదగినది, ఆయన పేరు మీద చెప్పుకోదగినది. మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం 2022 అక్టోబరులో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళికలో, ఆరేళ్ళ లోపు పిల్లలకి నిర్ణీత పాఠ్యపుస్తకాలే ఉండకూడదని రాశారు. ఆ పేజీ జెరాక్స్ తీసి దగ్గర ఉంచుకోండి. మొదట చూపించకండి, ఆయన “గవర్నమెంటు ఏమంటుందో” అన్నప్పుడు ఇవ్వండి. పక్క సెక్షన్ టీచర్ని కూడా కలుపుకోండి. వంద దాకా రాయిస్తున్న ఆవిడకి కూడా గేటు దగ్గర ఎవరో ఏదో అని ఉంటారు.

ఆయన కాదంటే? అనొచ్చు. అప్పుడు మీ చేతిలో మిగిలేది మీ తరగతిలో ఉన్న కాస్త ఖాళీ. రాయించేది రాయిస్తూనే బియ్యం పళ్ళెం, కాళ్ళాగజ్జా నడుపుకోవచ్చు. చాలామంది మంచి టీచర్లు ఏళ్ళకేళ్ళు అలాగే నెట్టుకొస్తున్నారు.

ఒక్క మాట మాత్రం మిమ్మల్ని మీరు ఒప్పించుకోకండి. ఊపిరి గమనించడం నేర్చుకుంటే 38 మందిని ఒక్కరే సంభాళించవచ్చు అని. 38 మంది నాలుగేళ్ళ పిల్లలకి ఒక టీచర్, ఒక ఆయా సరిపోరు. అది మీ మనసులో ఉన్న లోపం కాదు. శిక్షణ పెట్టించిన యాజమాన్యం అదే డబ్బుతో ఇంకో మనిషిని పెట్టగలదా అని అడగడం కూడా మీ హక్కే. నెల చూపించాక, తల్లిదండ్రులు మీ వైపు ఉన్నప్పుడు అడగండి.

రాజీనామా కాగితం బ్యాగులోనే ఉండనివ్వండి. చించమని నేను చెప్పను. అది అక్కడుందని తెలిస్తే కొందరికి ధైర్యంగా ఉంటుంది, ఇంకొందరికి రోజూ పని మీద మనసు విరుగుతుంది. మీరు ఏ రకమో మీకే తెలియాలి. ఇంటికెళ్ళాక బీరువాలో పెట్టి చూడండి, రెండు వారాలు. దసరా అయిపోయింది, సంక్రాంతికి ఇంకా టైముంది. ఈలోపు బాబుకి క్షమాపణ చెప్పండి, ఆయాని అడగండి, నెల రోజుల ప్రయత్నం చెయ్యనిస్తారేమో చూడండి. సెలవుల్లో ముగ్గులు అయ్యాక కాగితం తీసి మళ్ళీ చదవండి. అప్పటికీ స్కేలు మీ చేతిలోనే ఉంటే, లేదా ఆ తల్లితో నిజం చెప్పినందుకు మీకు అక్కడ చోటు లేకుండా చేస్తే, ఆ రోజు తేదీ వేసి ఇచ్చెయ్యండి. స్కేలు కింద పెట్టి చాలా రోజులైందని గుర్తొస్తే, ఆ కాగితాన్ని బియ్యం పళ్ళెం కింద పరుచుకోండి, గింజలు కింద పడకుండా.